మడత ఐస్ బాత్ టబ్బు మన నెల్లూరు ఎండకి ఎంతవరకు పనికొస్తుంది?

ఐసు నీళ్లలో మెడదాకా కూర్చోవడానికని అమ్మే టబ్బు ఇది, ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ఇప్పుడు ఇదే. నల్లటి పీవీసీ గుడ్డ, మధ్యలో సన్నటి ఫోమ్ పొర, చుట్టూ నిలబెట్టే ప్లాస్టిక్ కడ్డీలు, అడుగున నీళ్లు వదిలే కుళాయి, పైన ఒక మూత. ఎక్కువగా అమ్ముడయ్యే సైజు అడ్డం 75 సెంటీమీటర్లు, ఎత్తు 75. పేర్లు పదిరకాలున్నా సరుకు ఇంచుమించు ఒకటే, కాబట్టి ఇది ఏదో ఒక కంపెనీ మీద సమీక్ష కాదు. దీంతో పాటు ఇంట్లో ఉండే షవరు, 15 లీటర్ల గీజరు, నీలం డ్రమ్ము, కాళ్లు పెట్టుకునే రెండు ప్లాస్టిక్ టబ్బుల్ని కూడా పక్కన పెట్టి చూశాం.

ముందే చెప్పేస్తే, ఈ టబ్బుకి మా మార్కులు ఐదుకి రెండున్నర. కుట్టు పనితనం ఫర్వాలేదు. అసలు చిక్కంతా నీళ్లతోనే. పెట్టె మీద మంచుకొండ బొమ్మ ఉంటుంది గానీ టబ్బుకి చల్లబరిచే గుణం ఏమీ లేదు. చల్లదనం మనమే తెచ్చి పోయాలి. అది నెల్లూరు, ఒంగోలు ఊళ్లలో ఎంత ఖర్చో, ఎంత శ్రమో పెట్టె మీద ఎవరూ రాయరు.

ఇక్కడ బోరు నీళ్లు ఏడాది పొడవునా సుమారు 28 నుంచి 30 డిగ్రీలు. మేడమీద నల్ల ట్యాంకులో నీళ్లు మే నెల మధ్యాహ్నం 38, 40 కూడా ఉంటాయి. ధనుర్మాసం తెల్లవారుజామున అదే ట్యాంకులో 22–24 ఉంటే గొప్ప. మైపాడు, కొత్తపట్నం సముద్రంలో మునిగినా 27–30 మధ్యే. చన్నీళ్ల స్నానం మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం 10–15 డిగ్రీల నీళ్లతో చేసినవి. అంటే అక్కడ చలి దేశపు మనిషి కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు మనకు ఐసు కొంటే తప్ప రావు. ఇది అర్థం కాక, మే నెలలో షవరు కింద నిలబడి ‘నాకు చన్నీళ్లు అలవాటైపోయాయి’ అనుకునేవాళ్లు చాలామంది. అలవాటు కాలేదు, నీళ్లు చల్లగా లేవు, అంతే.

అందుకే టబ్బు కంటే ముందు కొనాల్సింది థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, అది 35 కంటే కిందికి చూపదు. రొయ్యల చెరువులకు సామాన్లు అమ్మే షాపుల్లో నీటి వేడి చూసే గాజు థర్మామీటరు దొరుకుతుంది, నెల్లూరు జిల్లాలో ఆ షాపులకు కొదవ లేదు. పాదరసం ఉన్నది కాకుండా ఎర్ర స్పిరిట్ ఉన్నది తీసుకోండి, పగిలితే పాదరసం ప్రమాదం ఉండదు. నీళ్లు బాగా కలిపాకే చూడాలి. ఐసు పైన తేలుతుంటే పైనొక లెక్క, అడుగునొక లెక్క చూపిస్తుంది.

ఇక ఐసు లెక్క. 75 సెంటీమీటర్ల టబ్బులో 50 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లంటే 220 లీటర్లు. 70 కిలోల మనిషి మెడదాకా దిగితే మరో 60 లీటర్ల దాకా పైకి లేస్తుంది. 270 దాటి నింపితే పొర్లడం ఖాయం. 220 కావాలంటే ముందు 190 లీటర్లే పోసుకోవాలి, మిగతాది కరిగిన ఐసు నింపుతుంది. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. కరిగిన నీరు 15 డిగ్రీలకు రావడానికి ఇంకో 63. ఆ లెక్కన 30 డిగ్రీల నీళ్లు 190 లీటర్లను 15కి దించడానికి 30 కిలోలు కావాలి, గోడల గుండా వచ్చే వేడితో కలిపి 35 అనుకోండి. కొత్తవాళ్లకు 20 డిగ్రీలు చాలు, దానికి 19–20 కిలోలు సరిపోతాయి. ఇదే పని మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల ట్యాంకు నీళ్లతో మొదలుపెడితే, 15కి రావడానికి 46 కిలోలు మింగుతుంది. కాబట్టి టబ్బు నింపేది తెల్లవారుజామునే, వీలైతే బోరు నుంచి నేరుగా.

ఇంట్లో ఫ్రిజ్జులో 35 కిలోల ఐసు చేయడమంటే లీటరు బాటిళ్లు 39 పేర్చాలి. జరిగే పని కాదు. తీరం వెంబడి చేపలు, రొయ్యలు దిగే ఊళ్లలో ఐసు ఫ్యాక్టరీలున్నాయి, దిమ్మల లెక్కన అమ్ముతారు. అక్కడ రెండు జాగ్రత్తలు. ఆ ఐసు చేసే డబ్బాలు ఉప్పునీటి తొట్టిలో మునిగి ఉంటాయి, నేల మీద ఈడ్చి తెస్తారు. అది తాగే ఐసు కాదు, తప్పకుండా కడిగి వాడాలి. దిమ్మను గోనె సంచిలో చుట్టి బయటే కొట్టి, నిమ్మకాయంత ముక్కలు చేసి టబ్బులో వేయాలి. దిమ్మను దిమ్మగా పడేస్తే కరగడానికి గంటలు పడుతుంది, పైగా దాని అంచు పీవీసీని కోస్తుంది. ఈ టబ్బులకు చిల్లులు పడటానికి అదొక కారణం. పొగలు కక్కే డ్రై ఐస్ జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ పోవద్దు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు. మూసిన గదిలో ఊపిరి ఆడకుండా చేస్తుంది, చర్మానికి తగిలితే కాలినట్టే అవుతుంది.

అంత చేసి చల్లబరిచిన నీళ్లు ఎంతసేపు ఆగుతాయి? నీడలో, 35 డిగ్రీల గాలిలో, మూత వేసి ఉంచినా గంటకు సుమారు ఒకటి నుంచి రెండు డిగ్రీలు పెరుగుతాయి. ఆ ఫోమ్ పొర కొన్ని మిల్లీమీటర్లే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మర్నాడు ఉదయానికి మళ్లీ 28. రోజూ 35 కిలోల ఐసంటే స్నానం ఒక వ్యాపారం అయిపోతుంది. కనిగిరి, మార్కాపురం వైపు పొడి గాలి కాబట్టి టబ్బు చుట్టూ తడి గోనె కట్టి గాలి తగిలేచోట పెడితే కుండ సూత్రం మీద వేడి కొంత దానంతటదే తగ్గుతుంది. నెల్లూరు, సింగరాయకొండ లాంటి తీరపు ఉక్కపోతలో ఈ ఉపాయం అంతగా పారదు, గాలిలోనే తేమ నిండి ఉంటుంది.

టబ్బుకి తగిలించే చిల్లరు, అంటే నీళ్లు చల్లబరిచే మిషను కూడా అమ్ముతున్నారు. 220 లీటర్లను 30 నుంచి 15కి తేవడానికి తీయాల్సిన వేడి దాదాపు 3.8 యూనిట్లకు సమానం. మన ఎండలో మంచి మిషనైనా దానికి రెండు యూనిట్ల కరెంటు తింటుంది. ఆపైన రోజంతా 15 దగ్గర నిలబెట్టడానికి రోజుకు మరో నాలుగు. కరెంటు ఖర్చు భరించవచ్చు, అసలు శత్రువు మన నీళ్లు. ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు కరుకు. చిల్లరు కాయిల్లో, పంపులో సున్నం పేరుకుంటుంది, ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. చిల్లరు పెట్టేవాళ్లు ఎర్తింగు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. నీళ్లలో మనిషి, పక్కనే కరెంటు మోటరు. ఈ రెండూ కలిసే చోట పిసినారితనం పనికిరాదు.

మేడమీద పెట్టుకుందాం అనుకునేవాళ్లకి ఒక మాట. 220 లీటర్ల నీళ్లు, 70 కిలోల మనిషి కలిసి 290 కిలోలు, అది 0.44 చదరపు మీటరు మీద పడుతుంది. అంటే చదరపు మీటరుకి 660 కిలోలు. ఇళ్ల గదులకు శ్లాబు డిజైను చేసేది సుమారు 200 కిలోలకు, మనుషులు తిరిగే డాబాకి 150కి. చిన్న చోటే కాబట్టి వెంటనే కూలుతుందని కాదు గానీ, పాత ఇంటి డాబా నడిమధ్యలో పెట్టొద్దు. నేల మీద పెడితే ఏ గొడవా లేదు. కింద కంకర రాళ్లు లేకుండా ఊడ్చి, పాత రబ్బరు షీటో పట్టానో వేసి దాని మీద పెట్టండి.

డ్రమ్ము సంగతి. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ముకి పైన మూత భాగం కోయించుకుంటే ఈ టబ్బు చేసే పనంతా అదీ చేస్తుంది, గట్టిదనంలో దీన్ని మించిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే, అడ్డం 55–60 సెంటీమీటర్లే, కూర్చోవడం కుదరదు, దిగడం ఎక్కడం కష్టం, కాళ్లు తిమ్మిరెక్కాక బయటికి రావడం ఇంకా కష్టం. రసాయనాలు, పురుగుమందులు తెచ్చిన డ్రమ్ము మాత్రం ఎంత కడిగినా వద్దు. పాత ఇళ్లలో సిమెంటు గాబు ఉంటే అది అన్నిటికంటే మేలు. అంచు మీద కూర్చుని దిగొచ్చు.

ఇప్పుడు ఎక్కువమందికి నిజంగా పనికొచ్చేది చెబుతాం. టబ్బు లేకుండా, బాత్‌రూములో ఉన్న సరంజామాతోనే.

లీటరు బాటిళ్లు రెండు, ఒక్కోదానిలో 900 మిల్లీలీటర్లు మాత్రమే నింపి ఫ్రీజరులో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, నిండా పోస్తే బాటిల్ చీలుతుంది. 15 లీటర్ల బకెట్టులో స్నానానికి అరగంట ముందు ఈ రెండూ వేస్తే 30 డిగ్రీల నీళ్లు 20 దగ్గరికి వస్తాయి. బాటిళ్లు కడిగి మళ్లీ ఫ్రీజరులో పెట్టేయొచ్చు. రోజువారీ ఖర్చు దాదాపు సున్నా.

మామూలు స్నానం ముగించాక ఈ బకెట్టు అందుకోవాలి. ముందు పాదాలు, పిక్కలు, తర్వాత చేతులు, వీపు, ఛాతీ, చివరికి తల. ఒకేసారి నెత్తిన గుమ్మరించుకోవద్దు. చన్నీళ్లు ఛాతీకి తగలగానే గుటుక్కున ఊపిరి పీల్చుకోవడం, ఆపైన ఆయాసం, గుండె వేగం పెరగడం శరీరం సహజంగా చేసే పని. మొదటి అర నిమిషంలో అది బాగా ఎక్కువ, రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. ఆ సమయంలో ముక్కుతో పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు నోటితో వదలాలి. మొదటి వారం 15–30 సెకన్లు, రెండో వారం నిమిషం, మూడో వారం నిమిషంన్నర. ఐదారు సార్లకే ఆ ఉలికిపాటు బాగా తగ్గుతుంది. చన్నీళ్లు నేర్పే ఓర్పు ఏదైనా ఉంటే అది ఇక్కడుంది, ఊపిరి దారి తప్పకుండా పట్టుకోవడంలో. పళ్లు కొట్టుకునేదాకా నిలబడటం ఓర్పు కాదు, అది లెక్క తప్పడం.

వేడి, చన్నీళ్ల మార్పిడి స్నానానికి వేడి నీళ్లు 38–40 ఉండాలి, 42 దాటకూడదు. గీజరు 60 దగ్గర పెట్టి ఉంటే, కుళాయి నీళ్లు 30 ఉన్న కాలంలో ఒక చెంబు గీజరు నీళ్లకు రెండు చెంబులు కుళాయివి కలిపితే సరిగ్గా 40. డిసెంబరులో కుళాయి నీళ్లు 24 ఉన్నప్పుడు నాలుగు చెంబులకు ఐదు. అలా 15 లీటర్ల గీజరు నుంచి ఎండాకాలంలో 45 లీటర్లు, చలికాలంలో 34 లీటర్లు వస్తాయి. నిమిషానికి 8 లీటర్లు పోసే షవరు కింద 45 లీటర్లంటే ఐదున్నర నిమిషాలు. రెండేసి నిమిషాల వేడి మూడు విడతలు ఆశిస్తే మూడోది గోరువెచ్చనైపోతుంది, అందుకే మన గీజర్లతో రెండు విడతలకే ప్లాను చేసుకోండి, లేదా మగ్గుతో పోసుకోండి. వేడి రెండు నిమిషాలు, చన్నీళ్లు అర నిమిషం నుంచి నిమిషం, చివర చన్నీళ్లతో ముగింపు. రాత్రి నిద్ర ముందు అయితే వేడితో ముగించినా తప్పులేదు.

మే నెలలో ఒక తమాషా ఉంది. మధ్యాహ్నం మూడింటికి ట్యాంకు నీళ్లే 40, గీజరు అక్కర్లేదు. పొద్దున్నే పట్టి నీడలో మూత పెట్టిన బకెట్టు నీళ్లే చల్లటివి అవుతాయి. ఎండకు కాగిన పైపులోని మొదటి నీళ్లు మాత్రం వదిలేయండి, ఒక్కోసారి ఒళ్లు కాలేంత వేడిగా ఉంటాయి.

వేడి నీళ్లకు కరెంటు హీటరు రాడ్డు వాడేవాళ్లు ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీసి పక్కన పెట్టాకే బకెట్టు ముట్టుకోవాలి. స్విచ్ ఆపితే చాలదు. గ్యాస్ గీజరు ఉంటే బాత్‌రూము కిటికీ తెరిచే ఉండాలి. మార్పిడి స్నానం మామూలు స్నానం కంటే పొడవు కాబట్టి మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడు పేరుకునే ప్రమాదం కూడా పొడవే.

మా దృష్టిలో ఐదుకి నాలుగు ఇవ్వదగింది మాత్రం కాళ్ల స్నానం. 15 లీటర్ల టబ్బులు రెండు చాలు. ఒకదానిలో 12 లీటర్లు 40 డిగ్రీలవి, ఇంకోదానిలో 10 లీటర్ల కుళాయి నీళ్లు, దానిలో రెండు కిలోల ఐసు. లెక్క ప్రకారం కిలోన్నరకే 15 వస్తుంది, మిగతాది మధ్యలో వేడెక్కకుండా. నీళ్లు పిక్కల సగందాకా రావాలి. వేడిలో మూడు నాలుగు నిమిషాలు, చల్లటిదాంట్లో ఒకటి, అలా నాలుగు సార్లు. వేడి టబ్బు చల్లారుతుంటే కాళ్లు బయటికి తీశాకే కాగిన నీళ్లు కలపాలి. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు, బ్యాడ్మింటన్, పరుగు తర్వాత పిక్కలు పట్టేసేవాళ్లకు హాయిగా ఉంటుంది. అప్పుడే బెణికిన చీలమండకు మొదటి రెండు మూడు రోజులు వేడి పెట్టకూడదు, వాపు పెరుగుతుంది.

లాభాల గురించి రీల్సులో చెప్పేవి వడకట్టి చూడాలి. వ్యాయామం తర్వాతి ఒళ్లు నొప్పులకు చన్నీళ్లలో మునగడం ఊరికే కూర్చోవడం కంటే మేలని 2012లో కోక్రేన్ (వైద్య ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి తూచే సంస్థ) సమీక్ష తేల్చింది, అందులో 17 చిన్న ప్రయోగాలు, 366 మంది. మార్పిడి స్నానం కూడా ఊరికే ఉండటం కంటే మేలే, కానీ చన్నీళ్ల మునక కంటే ఎక్కువేం కాదు. నెదర్లాండ్స్‌లో 3,018 మందితో చేసిన, 2016లో అచ్చయిన అధ్యయనంలో మామూలు వేడి షవరు చివర 30 నుంచి 90 సెకన్లు చన్నీళ్లు పోసుకున్నవాళ్లు అనారోగ్యమని పెట్టే సెలవులు 29 శాతం తగ్గాయి. కానీ వాళ్లు జబ్బుపడ్డ రోజుల సంఖ్య తగ్గలేదు. జబ్బు వచ్చినా లేచి పనికి వెళ్లారన్నమాట. మనకు నచ్చే విషయం ఏమిటంటే 30 సెకన్లకూ 90కీ తేడా కనపడలేదు. ‘డోపమైన్ (ఉత్సాహంతో ముడిపెట్టే మెదడు రసాయనం) 250 శాతం పెరుగుతుంది’ అని ఊదరగొట్టే అంకె 2000లో వచ్చిన ఒక అధ్యయనంలోది, అక్కడ యువకుల్ని 14 డిగ్రీల నీళ్లలో గంటసేపు కూర్చోబెట్టారు. రెండు నిమిషాల షవరుకి ఆ అంకె అతికించడం దగా.

జిమ్ముకి వెళ్లి కండ పెంచుతున్నవాళ్లు బరువులెత్తిన వెంటనే టబ్బులో దిగొద్దు. 12 వారాలపాటు అలా 10 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు కూర్చున్నవాళ్లకు కండ, బలం తక్కువగా పెరిగాయని 2015లో తేలింది. వేడి చన్నీళ్లు ‘పంపు’లా పనిచేసి విషాలు తోడేస్తాయన్న ప్రచారానికీ ఆధారం లేదు. నిమిషం చన్నీళ్లకు చర్మం చల్లబడుతుంది గానీ లోపలి కండ వేడి పెద్దగా మారదు. ఇక చన్నీళ్లు పోసుకుంటే జలుబు చేస్తుందన్న మన ఇళ్లలోని మాట, దానికీ అంతే. జలుబు తెచ్చేది వైరస్.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ ఉన్నవాళ్లు, చలికి వేళ్లు తెల్లబడేవాళ్లు, చన్నీళ్లకు దద్దుర్లు వచ్చేవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు కాళ్ల స్నానం అసలే వద్దు, వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. మందు తాగి దిగొద్దు, ఒంటరిగా దిగొద్దు. బయటికొచ్చాక కూడా పది పదిహేను నిమిషాలు ఒళ్లు లోపల చల్లబడుతూనే ఉంటుంది కాబట్టి తుడుచుకుని పొడి బట్టలు కట్టుకుని కూర్చోవాలి, వెంటనే బండి తీయొద్దు.

ఈ మడత టబ్బు నిజంగా విలువ చూపించే చోటు ఒకటుంది, కంపెనీలు దాని గురించి ఒక్క మాటా అనవు. రోహిణీ కార్తెలో మైదానంలో పరుగులు తీసే కుర్రాళ్లు, పోలీసు ఉద్యోగాలకు ప్రాక్టీసు చేసేవాళ్లు వడదెబ్బకి పడిపోయి మాట తడబడితే, 108కి ఫోను చేసి, అది వచ్చేలోపు తల పైకి పట్టుకుని మెడదాకా చన్నీళ్లలో ముంచి చల్లబరచడమే అన్నిటికంటే వేగంగా ప్రాణం కాపాడే పని. కోచింగ్ మైదానాల దగ్గర నీడలో ఒక టబ్బు, పక్కన ఐసు పెట్టె ఉంచడం దండగ ఖర్చు కాదు. పెద్దవాళ్లకు, పడుకున్నచోటే ఒళ్లంతా తడిపి ఫ్యాను గాలి తగిలించడం మేలు.

నిర్వహణ గురించి పెద్దగా లేదు. నీళ్లు రెండు మూడు రోజులు ఉంచితే 200 లీటర్లకు రెండు గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు చాలు, ముందు మగ్గులో కలిపి తేటనీరు మాత్రమే పోయాలి. వారం దాటి ఉంచొద్దు, మూత లేకుండా అసలే ఉంచొద్దు, దోమ గుడ్డు పెట్టి ఎగరడానికి మన ఎండలో వారం పది రోజులు చాలు. కింది కుళాయి కారితే సాధారణంగా వాషరో, వదులైన మరలో కారణం, వాషరు మార్చి మరలకు టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుడితే ఆగుతుంది. ఎండలో వదిలేస్తే పీవీసీ పెళుసెక్కి కుట్ల దగ్గర చీలుతుంది. నీళ్లున్న టబ్బుని పట్టుకు లాగితే అదే ఫలితం.

కొన్నవాళ్లు వచ్చిన రోజే నీడలో మామూలు నీళ్లతో నింపి 24 గంటలు ఉంచి, రిటర్న్ గడువు దాటకముందే కుట్లన్నీ పొడి బట్టతో తుడిచి చూసుకోండి. ఐసు వేసి పరీక్షించొద్దు. చల్లటి టబ్బుకి మన ఉక్కలో బయట చెమ్మ పట్టి ధారగా కారుతుంది, అది చూసి లీకనుకుని మంచి టబ్బుని వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు, చెమ్మే అనుకుని లీకున్నదాన్ని ఉంచేసుకునేవాళ్లూ ఉన్నారు.